ఎవరి టికెట్ డబ్బు, ఎవరి కాలేజీ ఫీజు: జార్జియా లాటరీ లెక్క

మేముండేది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో. మా అమ్మాయి కాలేజీ సెమిస్టర్ ఫీజు బిల్లు తెరిచినప్పుడల్లా నా చూపు ఒక వరస మీదే ఆగిపోతుంది. పైన ‘ట్యూషన్’ అని అయిదు వేల డాలర్ల పైచిలుకు అంకె ఉంటుంది. నాలుగు వరసల కింద ‘జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్’ అని, అదే అంకె, ముందు మైనస్ గుర్తు. హాస్టలూ తిండీ ఇతర ఫీజులూ మనమే కట్టుకోవాలి గానీ, ట్యూషన్ మాత్రం పూర్తిగా కొట్టివేత. నాలుగేళ్లకి లెక్కేస్తే నలభై వేల డాలర్లు దాటుతుంది.

అట్లాంటాకి ఉత్తరాన ఆల్ఫారెట్టా, జాన్స్ క్రీక్, కమింగ్ వైపు ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో ఈ స్కాలర్‌షిప్ పేరు తెలియనివాళ్లు తక్కువ. పిల్ల తొమ్మిదో తరగతిలో చేరగానే మొదలవుతుంది: నాలుగుకి లెక్కేసే మార్కుల సగటు, జీపీఏ, 3.7 తగ్గకూడదు, కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో 1200 తగ్గకూడదు, కష్టమైన సబ్జెక్టులు ఇన్ని తీసుకోవాలి. ఉగాది సంబరాల్లో పులిహోర ప్లేటు చేతిలో పెట్టుకుని కూడా ఈ కబుర్లే. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తోందో మాత్రం మా మాటల్లో ఎప్పుడూ రాలేదు. లాటరీ నుంచి అని అందరికీ తెలుసు. తెలిసినా, లాటరీ అంటే ఏదో ఊరూ పేరూ లేని ఖజానా అన్నట్టే ఉండేది నాకు.

ఒక శుక్రవారం సాయంత్రం మా ఇంటికి ఇరవై మైళ్ల అవతల ఒక గ్యాస్ స్టేషన్‌లో ఆగాను. నడిపేది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. కౌంటర్ వెనక గాజు డబ్బాల్లో రంగురంగుల స్క్రాచ్ టికెట్ల చుట్టలు వేలాడుతున్నాయి. డాలరు నుంచి యాభై డాలర్ల దాకా రకరకాలు. నా ముందు సున్నం మరకల బూట్లతో ఒకాయన నిలబడి ఉన్నాడు. ఇరవై డాలర్ల టికెట్ తీసుకుని, పక్కకి జరగకుండా అక్కడే పావలా బిళ్లతో గీకాడు. పది డాలర్లు తగిలింది. దానికి ఇంకో పది కలిపి మళ్లీ ఒకటి తీసుకున్నాడు. అదీ పోయింది. బూడిదరంగు పొట్టు చేత్తో తుడిచేసి, మంచినీళ్ల సీసా ఒకటి కొనుక్కుని వెళ్లిపోయాడు.

“రోజూ ఇంతేనా అన్నా?” అన్నాను.

“శుక్రవారం జీతాల రోజు కదా తమ్ముడూ. పెట్రోలు మీద మిగిలేదేముంది, లోపలికి జనం వచ్చేది వీటికోసమే,” అన్నాడాయన.

ఆ రోజు నుంచి ఈ లెక్క తెలుసుకోవాలని కూర్చున్నాను. ‘లాటరీ సొమ్ము చదువుకి’ అన్న మాటలో మూడు వేరువేరు ప్రశ్నలున్నాయి. ఆ డబ్బు నిజంగా చదువుకి చేరుతోందా? చేరితే ఎవరి చదువుకి? అసలు ఎవరి జేబులోంచి? అమెరికాలో చాలా రాష్ట్రాలు మొదటి ప్రశ్న దగ్గరే బోల్తా పడ్డాయి. జార్జియా మొదటిది దాటింది. మిగతా రెండింటి దగ్గర అది ఇంకా ఇరుక్కునే ఉంది.

అమెరికాలో ఇప్పటి తరహా ప్రభుత్వ లాటరీ 1964లో న్యూ హ్యాంప్‌షైర్‌లో మొదలైంది. ఆ రాష్ట్రంలో అమ్మకం పన్నూ లేదు, జీతాల మీద ఆదాయపు పన్నూ లేదు. బడులకి డబ్బు కావాలి, పన్ను వెయ్యడానికి మాత్రం ఎవరికీ ధైర్యం లేదు. మూడు డాలర్ల టికెట్ పెట్టి, గుర్రప్పందేనికి ముడిపెట్టి లాటరీ నడిపారు. పేరు బడులది, పని పన్నుది. తర్వాత ఒక్కొక్క రాష్ట్రమే ఆ దారి పట్టింది. ఇవాళ లాటరీ లేని రాష్ట్రాలు అయిదే: అలబామా, అలాస్కా, హవాయి, నెవాడా, యూటా. అలబామాలో 1999లో చదువు పేరు చెప్పి లాటరీ మీద ఓటింగ్ పెడితే జనం కాదన్నారు. అక్కడివాళ్లు సరిహద్దు దాటి మా జార్జియాకి వచ్చి టికెట్లు కొనుక్కుంటారు.

డబ్బు చదువుకి చేరకుండా ఎలా తప్పిపోతుందో చెప్పడానికి ఒక ఇంటి లెక్క చాలు. ఒకాయన నెల జీతంలోంచి పిల్లాడి బడి ఫీజు ఇరవై వేలు కడుతున్నాడు అనుకుందాం. ఊళ్లో నాయనమ్మ పొలం కౌలు డబ్బు ఇరవై వేలు పంపి, ‘ఇది పిల్లాడి చదువుకే వాడు నాయనా, వేరే దేనికీ ముట్టుకోకు’ అంది. ఆయన మాట తప్పలేదు. కౌలు డబ్బు పైసా పైసా ఫీజుకే కట్టాడు. జీతంలో మిగిలిన ఇరవై వేలతో కొత్త బండి వాయిదా మొదలుపెట్టాడు. నాయనమ్మ అడిగితే రసీదు చూపిస్తాడు, అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ పిల్లాడి చదువుకి కొత్తగా ఒక్క రూపాయి కూడా కలవలేదు.

కాలిఫోర్నియాలో జనం 1984లో చదువు కోసమనే లాటరీకి ఓటేశారు. ఏళ్లు గడిచాక చూస్తే, బడుల మొత్తం ఖర్చులో లాటరీ వాటా ఒక శాతం దగ్గరే ఆడుతోంది. పంతుళ్ల జీతాలూ భవనాలూ బస్సులూ అన్నీ పన్నుల డబ్బుతోనే నడుస్తున్నాయి. ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ‘బడులకి లాటరీ ఉందిగా, మళ్లీ పన్ను ఎందుకు?’ అన్న ఆలోచన జనంలో పాతుకుపోయింది. ఒక శాతం ఇచ్చే చెయ్యి తొంభై తొమ్మిది శాతం ఇచ్చే చేతిని మరుగున పడేసింది. నార్త్ కరోలినాలో 2005లో చదువు పేరునే లాటరీ చట్టం తెచ్చారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 2009లో, బడ్జెట్‌కి లోటొస్తే లాటరీ నిల్వలోంచి అయిదు కోట్ల డాలర్లు తీసి ఆ లోటు పూడ్చారు. చేతికందే దూరంలో డబ్బుంటే ఏ ప్రభుత్వమైనా చేసే పని అది. అందుకే నేను ఏ ఒక్క నాయకుణ్ణీ తప్పుపట్టను. తప్పు ఆ డబ్బు దాచే పెట్టె కట్టిన తీరులో ఉంది.

జార్జియాలో ఆ పెట్టె కట్టినాయన జెల్ మిల్లర్. ఉత్తర జార్జియా కొండల్లో, తండ్రి లేకుండా తల్లి రెక్కల కష్టం మీద పెరిగినవాడు. 1990లో గవర్నర్ పదవికి పోటీ చేసినప్పుడు లాటరీనే ప్రధాన వాగ్దానం చేసుకున్నాడు. 1992 నవంబరులో రాష్ట్ర రాజ్యాంగ సవరణకి ఓటింగ్ జరిగింది. చర్చిలు గట్టిగా ఎదిరించాయి, బొటాబొటీ ఓట్లతో నెగ్గింది. 1993 జూన్ 29న మొదటి టికెట్ అమ్మారు. ఆ ఏడే కాలేజీల్లో చేరిన పిల్లలకి లాటరీ డబ్బుతో ఇచ్చే ‘హోప్’ స్కాలర్‌షిప్‌లు మొదటిసారి అందాయి.

మిల్లర్ తెలివి ఎక్కడుందంటే, అప్పటికే నడుస్తున్న ఖర్చులోకి ఆ డబ్బు కలవనివ్వలేదు. లాటరీ సొమ్ముకి బడ్జెట్‌లో విడి పద్దు పెట్టించాడు. ఉన్న ఖర్చుకి బదులుగా కాకుండా దానికి అదనంగానే వాడాలని చట్టంలో రాయించాడు. అంతకన్నా ముఖ్యంగా, ఆ డబ్బుతో అంతకుముందు రాష్ట్రంలో లేని పనులు మొదలుపెట్టాడు: బి గ్రేడు తెచ్చుకున్న పిల్లలకి కాలేజీ ఫీజు, నాలుగేళ్ల పిల్లలకి ఉచిత ప్రీ-కే బడి, టెక్నికల్ కాలేజీల్లో చేరేవాళ్లకి గ్రాంటు. పాత ఖర్చే లేనప్పుడు జీతంలోంచి తీసి బండి కొనుక్కోవడానికి ఏముంటుంది? పైగా ప్రతి పిల్లవాడి బిల్లు మీదా ఆ పేరు కనిపిస్తుంది. ముట్టుకుంటే ఇన్ని లక్షల ఇళ్లకి తెలిసిపోతుంది. రాజ్యాంగం కన్నా గట్టి కాపలా అదేనని నాకనిపిస్తుంది.

ఇప్పటిదాకా జార్జియా లాటరీ నుంచి చదువుకి వెళ్లింది 2,800 కోట్ల డాలర్లకు పైమాటే. ఈ మధ్య ఏడాదికి 150 కోట్ల డాలర్ల దాకా వెళ్తోంది. 20 లక్షల మందికి పైగా హోప్ సాయంతో చదువుకున్నారు. ఇది చిన్న విషయం కాదు. మిల్లర్‌ని తలుచుకుని దండం పెట్టే ఇళ్లు ఈ రాష్ట్రంలో నిజంగానే ఉన్నాయి. మాదీ అందులో ఒకటి.

ఇక ఆ కౌంటర్ మీద పెట్టిన డాలరు ఎటు పోతుందో చూద్దాం. అరవై సెంట్లకు పైగా బహుమతులుగా ఆడేవాళ్లకే తిరిగి పోతుంది. ఆరేడు సెంట్లు కొట్టు యజమాని కమిషన్. టికెట్ల ముద్రణ, యంత్రాలు, ప్రకటనలు, జీతాలు పోగా చదువుకి మిగిలేది పావలా, ఇంకో సెంటో రెండో అటూ ఇటూ. చట్టంలో మాత్రం 35 శాతం చదువుకి అని ఉంది. దాని పక్కనే ‘సాధ్యమైనంత మేరకు’ అన్న మాటా ఉంది, ఆ సందులోంచే పది శాతం జారిపోయింది. దీనికి లాటరీ సంస్థ చెప్పే కారణం ఇది: బహుమతులు పెంచితే ఎక్కువ టికెట్లు అమ్ముడుపోతాయి, అప్పుడు వాటా తగ్గినా మొత్తం పెరుగుతుంది. లెక్క ప్రకారం అది నిజమే. కాకపోతే అదే వాక్యాన్ని కౌంటర్‌కి ఇవతల నిలబడి చదివితే వేరేగా వినిపిస్తుంది. చదువుకి ఇంకో డాలరు కావాలంటే, ఎవరో ఒకరు ఇంకో నాలుగు డాలర్ల టికెట్లు కొనాలి. పన్నులో ఈ గుణం లేదు. పన్ను వేసే ప్రభుత్వం మనిషిని ‘ఇంకాస్త ఎక్కువ కట్టు, అదృష్టం తగలచ్చు’ అని పెద్ద పెద్ద బోర్డులు పెట్టి పిలవదు.

ఎవరు ఎక్కువ కొంటారన్న దాని మీద డ్యూక్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ క్లాట్‌ఫెల్టర్, ఫిలిప్ కుక్ ఏళ్ల తరబడి పనిచేశారు. 1999లో జూదం మీద జాతీయ కమిషన్‌కి ఇచ్చిన నివేదికలో వాళ్లు తేల్చింది ఏమిటంటే, లాటరీ ఆడేవాళ్లలో పైనున్న 5 శాతం మందే అమ్మకాల్లో సగానికి పైగా కొంటున్నారు. అప్పుడప్పుడూ సరదాకి ఒక టికెట్ కొనే నాలాంటివాళ్లతో ఈ వ్యాపారం నడవదు. వారం వారం కొనేవాళ్ల మీద నడుస్తుంది. చదువు తక్కువైనవాళ్లూ నల్లజాతివాళ్లూ తలకి ఎక్కువ ఖర్చుపెడుతున్నారని కూడా అదే పనిలో తేలింది.

ఆ డబ్బు చేరేదెవరికి అన్నది రాస్ రూబెన్‌స్టైన్, బెంజమిన్ స్కాఫిడీ అనే ఇద్దరు పరిశోధకులు జార్జియా మీదే చూశారు. ఆదాయం తక్కువైన ఇళ్లు, నల్లజాతి ఇళ్లు టికెట్లకి ఎక్కువ పెడుతున్నాయి. స్కాలర్‌షిప్ లాభం ఎక్కువగా పై మెట్టు కుటుంబాలకి వెళ్తోంది. దీనికి మన భాషలో మాట ఎప్పటినుంచో ఉంది: కాకిని కొట్టి గద్దకు వేయడం. ఆ గద్దల్లో నా ఇల్లూ ఉందని రాయడం నాకు తేలిక కాదు, కానీ బిల్లు మీద అంకె అదే చెబుతోంది.

మిల్లర్ మొదలుపెట్టినప్పుడు ఇలా లేదు. 1993లో కుటుంబ ఆదాయం 66,000 డాలర్లకు లోపు ఉంటేనే హోప్ ఇచ్చారు. మరుసటి ఏడు ఆ గీత లక్షకి జరిపారు, 1995లో పూర్తిగా చెరిపేశారు. అందరికీ ఇస్తేనే అందరూ కాపాడతారన్న రాజకీయ లెక్క అందులో ఉంది, అది ఫలించింది కూడా. ఫలితంగా రాష్ట్రంలో కాలేజీకి వెళ్లే పిల్లల శాతం పెరిగింది. సూసన్ డైనార్స్కీ అనే ఆర్థికవేత్త లెక్కలో అది 7 నుంచి 8 పాయింట్ల పెరుగుదల. అదే లెక్కలో తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ మధ్య, ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య దూరం ఇంకా పెరిగిందని కూడా తేలింది. జార్జియా విశ్వవిద్యాలయంలోని కార్న్‌వెల్, మస్టర్డ్ ఇంకో సంగతి బయటపెట్టారు. హోప్‌కీ, కార్ల కొనుగోళ్లు పెరగడానికీ సంబంధం ఉందని లెక్కలతో చూపించారు. ఎలాగూ ఫీజు కట్టగలిగే ఇంట్లో ఆ డబ్బు మిగిలితే పిల్లకి కారొస్తుంది. మా వీధిలో నేను చూసిందీ అదే.

2011లో అసలు పరీక్ష వచ్చింది. మాంద్యం వల్ల ప్రభుత్వం విశ్వవిద్యాలయాలకి ఇచ్చే డబ్బు తగ్గించింది. అవి ట్యూషన్ పెంచాయి. పెరిగిన ట్యూషన్ అంతా హోప్ నెత్తిన పడింది. నాయనమ్మ కౌలు డబ్బు కథ వేరే దారిలో ఇక్కడికీ వచ్చిందన్నమాట. డబ్బు చాలక గవర్నర్ నేథన్ డీల్ పథకాన్ని రెండుగా చీల్చారు. మామూలు హోప్ ఇక పూర్తి ట్యూషన్ ఇవ్వదు, కొంత భాగమే. పూర్తి ట్యూషన్ కావాలంటే 3.7 జీపీఏ, 1200 శాట్. దానికి జెల్ మిల్లర్ పేరు పెట్టారు. శాట్ మార్కులు ఇంటి ఆదాయంతో పాటే పెరుగుతాయని ఈ దేశంలో తెలియనివాళ్లు లేరు. మా ఊళ్లో శాట్ కోచింగ్ సెంటర్లు కిరాణా కొట్లంత దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ బూట్లాయన ఉండే వైపు ఒక్కటీ కనబడలేదు.

అదే ఏడు ఇంకో మార్పు జరిగింది. మాలాంటివాళ్లెవరికీ అది కనపడలేదు. టెక్నికల్ కాలేజీల్లో వెల్డింగు, నర్సింగు, ఏసీ రిపేరు నేర్చుకునేవాళ్లకిచ్చే హోప్ గ్రాంటు నిలుపుకోవాలంటే జీపీఏ 3.0 ఉండాలన్నారు. పగలు పనిచేసుకుని రాత్రి క్లాసులకి వచ్చేవాళ్లు, పిల్లల తల్లులు వేలమంది గ్రాంటు పోగొట్టుకున్నారు. చాలామంది చదువే మానేశారు. 2013లో మళ్లీ 2.0కి దించారు. లాటరీ డబ్బు, ఆ డబ్బు పెట్టినవాళ్ల ఇంటికే తిరిగి వెళ్లే దారి ఏదైనా ఉందంటే అది ఈ గ్రాంటే. కత్తెర దాని మీద కూడా పడింది.

ప్రీ-కే సంగతీ చెప్పాలి. 1995 నుంచి నాలుగేళ్లు నిండిన ఏ పిల్లకైనా, ఇంటి ఆదాయం అడక్కుండా, ఉచితం. దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రం జార్జియా. మార్కులు లేవు, పరీక్ష లేదు, కోచింగ్ లేదు. పేరు రాయించుకుంటే చాలు, సీటుంటే. అన్ని పథకాల్లో ఇదొక్కటి నా మనసుకి పూర్తిగా న్యాయంగా కనిపిస్తుంది. సీట్లు చాలక ఎదురుచూసే తల్లులు ఉన్నచోట, లాటరీ నిల్వలో వంద కోట్ల డాలర్లకు పైగా కదలకుండా కూర్చోవడం మాత్రం నాకు మింగుడు పడదు. 2023లో డబ్బు బాగా ఉందని మామూలు హోప్‌కి మళ్లీ పూర్తి ట్యూషన్ ఇచ్చారు. మంచిదే. కానీ పేదరికాన్ని చూసి ఇచ్చే సాయం ఈ రాష్ట్రంలో చాలాకాలం నామమాత్రంగానే ఉండిపోయింది.

మన తెలుగు పిల్లల్లోనే ఈ లబ్ధి అందనివాళ్లున్నారు. హైదరాబాద్‌లో పుట్టి రెండేళ్లప్పుడు వచ్చి, ఇక్కడే బడి మొత్తం చదివి, తల్లిదండ్రుల ఉద్యోగ వీసాతో ముడిపడ్డ హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లకి 4.0 ఉన్నా హోప్ రాదు, జెల్ మిల్లర్ రాదు. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. మా అమ్మాయితో ఒకే బెంచీలో కూర్చున్న పిల్లది ఇదే పరిస్థితి. ఫలితాలు వచ్చిన రోజు వాళ్ల అమ్మ ఫోన్‌లో ఎక్కువసేపు మాట్లాడలేకపోయింది.

ఇంటివైపు చూస్తే మనకి లాటరీ లేదు గానీ, ఈ లెక్క కొత్తదేమీ కాదు. ఆన్‌లైన్ రమ్మీలాంటి వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. జూదం వాకిలి మూసినా, మద్యం వాకిలి తెరిచే ఉంది. రెండు రాష్ట్రాల ఖజానాలూ దాని మీద ఎంతగా ఆనుకున్నాయో బడ్జెట్ చదివే ఎవరికైనా తెలుసు. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మద్యం వ్యాపార చట్టాన్ని సవరించి, అమ్మ ఒడి, చేయూత, ఆసరా పథకాల అమలు బాధ్యతని మద్యం అమ్మే బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలోనే పెట్టింది. పిల్లని బడికి పంపినందుకు తల్లి ఖాతాలో పడే డబ్బుకీ, అదే ఇంట్లోంచి సాయంత్రం మద్యం దుకాణానికి వెళ్లే డబ్బుకీ చట్టంలోనే ముడి పడింది. జార్జియాలో కౌంటర్‌కీ కాలేజీకీ మధ్య కనీసం ఇరవై మైళ్ల దూరం ఉంది. అక్కడ అప్పుడు రెండూ ఒకే గడప.

మనవాళ్లు దీన్ని తిరగేసి చూపించిన రోజులూ ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిబడికి వచ్చిన దూబగుంట ఆడవాళ్లు పాఠంలో తమ ఇళ్ల కథే చదువుకున్నారు, లేచి వెళ్లి సారా దుకాణం మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లకే, 1997లో, ఆదాయం చాలడం లేదని నిషేధం సడలించారు.

జార్జియాలో ఇప్పుడు ఆటల మీద పందేల వంతు వచ్చింది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తలుపు తెరిచాక చాలా రాష్ట్రాలు వాటిని అనుమతించాయి. ఇక్కడ దాదాపు ఏటేటా శాసనసభలో బిల్లు వస్తోంది, ఆగిపోతోంది. బిల్లు తెచ్చేవాళ్లు చెప్పే కారణం మాత్రం మారదు: హోప్‌కి, ప్రీ-కేకి డబ్బు. టికెట్ కోసం కొట్టుదాకా నడవాలి. పందెం మంచం మీద పడుకుని ఫోన్‌లోనే కట్టొచ్చు, అర్ధరాత్రయినా. ఆ బిల్లు మళ్లీ వస్తే మా ప్రాంత ప్రతినిధికి ఉత్తరం రాద్దామని అనుకుంటున్నాను. పందెం వద్దని ఒక్క మాట రాసి ఊరుకోను. జెల్ మిల్లర్‌కి ఇంటి ఆదాయం గీత మళ్లీ పెట్టండి, అందులో మా ఇంటికి ఆ సాయం పోయినా సరే. మిగిలిన డబ్బు ప్రీ-కే సీట్లకీ టెక్నికల్ కాలేజీ గ్రాంటుకీ ఇవ్వండి అని రాస్తాను. మా ఆవిడకి ఈ మాట చెబితే, రెండోవాడు ఇప్పుడు పదో తరగతిలో ఉన్నాడని గుర్తుచేసింది. ఇద్దరం చాలాసేపు ఆ ఫీజు బిల్లు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఉత్తరం కింద తనూ సంతకం పెడతానంది.